మగ్గం ముందు మహాకావ్యం

ఒక్క ఆడదాని మూలంగా ట్రాయ్ నగరం తగలబడిపోయిందని హోమర్‌ని ఒక్క పేజీ చదవని వాళ్ళు కూడా ఠక్కున చెప్పేస్తారు. హెలెన్ అందం, పారిస్ చాపల్యం, పదేళ్ళ యుద్ధం, చివరికి కొయ్యగుర్రం. కథంతా ఇంతే కదా అంటారు. తీరా ‘ఇలియడ్’ తెరిచి చూస్తే కొయ్యగుర్రం కథ అందులో లేనే లేదు. ట్రాయ్ కూలడమూ లేదు. పదో ఏట కొద్ది వారాల పాటు జరిగిన కథ అది. హెక్టర్ అంత్యక్రియలతో ముగిసిపోతుంది.

మరి మొదలయ్యేది దేనితో అంటారా? ఆడవాళ్ళ గురించిన తగువుతోనే. అయితే ఆ ఆడవాళ్ళలో హెలెన్ లేదు. ఒకామె పేరు క్రైసేయిస్, రెండో ఆమె పేరు బ్రిసేయిస్. ఇద్దరూ యుద్ధంలో చెరపట్టి తెచ్చిన వాళ్ళు. హెలెన్ పేరు లోకమంతా తెలుసు గాని, ఏ ఇద్దరి కోసం గ్రీకు వీరులు నిండు సభలో కత్తి దూసేదాకా వెళ్ళారో ఆ ఇద్దరి పేర్లు ఎంతమందికి గుర్తుంటాయి చెప్పండి?

ఇలియడ్, ఒడిస్సీ సుమారు క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం నాటికి రూపు కట్టాయని పండితులు ఎక్కువమంది చెప్పే మాట. ఒక్కొక్కటి 24 సర్గలు. మొదటిది 15 వేల పంక్తులు దాటుతుంది, రెండోది 12 వేలు. ఒకటి ఒక మగవాడి కోపం కథ, ఇంకొకటి ఒక మగవాడు ఇల్లు చేరిన కథ. ఈ రెండింటిలోనూ స్త్రీల గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు రెండే పనులు చేస్తుంటారు. హెలెన్‌ని తిట్టిపోస్తారు, లేదా పెనెలొపికి హారతి పడతారు. ఇంకా ఉత్సాహం ఉంటే ఒకామెని ద్రౌపది పక్కనా ఇంకొకామెని సీత పక్కనా నిలబెట్టి మార్కులు వేస్తారు. ఆ మార్కుల పట్టిక మనకి వద్దు. వాళ్ళ ఇంట్లో వాళ్ళనే చూద్దాం. కవి వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాడు, ఎంతసేపు మాట్లాడనిచ్చాడు, ఎక్కడ నోరు నొక్కాడు అన్నది చూస్తే చాలు. అసలు సంగతులు అక్కడే బయటపడతాయి.

* * *

ముందుగా ఆ తగువు సంగతి. క్రైసేయిస్ తండ్రి అపోలో దేవుడి పూజారి. బోలెడంత ధనం తెచ్చి, కూతుర్ని విడిచిపెట్టమని గ్రీకు శిబిరానికి వచ్చి వేడుకుంటాడు. సేనలన్నిటికీ నాయకుడైన అగమెమ్నాన్ కసిరి పొమ్మంటాడు. ఆమె తన ఊళ్ళో, తన ఇంట్లో, మగ్గం నేస్తూ తన పడక పంచుకుంటూ ముసలిదైపోతుందని తండ్రి ముఖం మీదే చెబుతాడు. ఏ కన్నతండ్రి వినవలసిన మాటలండీ అవి? పూజారి మొర ఆలకించి అపోలో తొమ్మిది రోజులు శిబిరం మీద మహమ్మారిని కురిపిస్తే, పదో రోజున సభ కూడి, చివరికి ఆమెను తిప్పి పంపిస్తారు. పోయిన ‘బహుమానా’నికి బదులుగా అగమెమ్నాన్, అకిలీస్ వాటాకి వచ్చిన బ్రిసేయిస్‌ని లాక్కుంటాడు. అకిలీస్ అలిగి యుద్ధం మానేస్తాడు. ఇలియడ్ మహాకావ్యం నడిచేది ఈ అలక మీదే.

ఇంత జరిగినా క్రైసేయిస్ నోట కవి ఒక్క మాటా పలికించలేదు. తండ్రి చేతుల్లోకి వచ్చినప్పుడు కూడా ఏడ్చిందో నవ్విందో చెప్పలేదు. బ్రిసేయిస్ విషయంలో మాత్రం, రాజభటులు తీసుకుపోతుంటే ఇష్టం లేకుండా వెళ్ళిందని ఒక్క చిన్న మాట విసిరి ఊరుకుంటాడు. ఆ ఒక్క మాట మన మనసులో ముల్లులా ఉండిపోతుంది. తర్వాత 18 సర్గల దాకా ఆమె గొంతు వినబడదు.

ఆ మధ్యలో ఆమె ధర మాత్రం చాలాసార్లు చర్చకి వస్తుంది. 9వ సర్గలో అగమెమ్నాన్ రాజీ బేరానికి దిగి, బ్రిసేయిస్‌ని తిప్పి ఇస్తానంటాడు. ఆమెతో పాటు మూడుకాళ్ళ లోహపాత్రలు ఏడు, బంగారం పది తూనికలు, కాగులు ఇరవై, గుర్రాలు పన్నెండు, పనితెలిసిన ఆడవాళ్ళు ఏడుగురు అంటూ జాబితా చదువుతాడు. పాత్రలూ గుర్రాలూ మనుషులూ అన్నీ ఒకే వరసలో! అకిలీస్ మాత్రం, ఈటెతో గెలుచుకున్నదే అయినా ఆమెను మనసారా ప్రేమించానంటాడు. చదివేవాళ్ళ గుండె కరుగుతుంది. కాని 19వ సర్గలో అదే అకిలీస్, తన స్నేహితుడు పాట్రొక్లస్ చచ్చిపోయాక ఏమంటాడో తెలుసా? ఆమె ఊరిని తను కొల్లగొట్టిన రోజునే ఆమె ఏ దేవత బాణానికో చచ్చిపోయి ఉంటే ఇంతమంది చావు తప్పేదంటాడు. లాక్కున్నది ఒకడు, అలిగింది ఇంకొకడు. చావవలసింది మాత్రం ఆమె!

ఇక 23వ సర్గలో ఆటల పోటీలు. కుస్తీలో గెలిచినవాడికి పెద్ద లోహపాత్ర, దాని విలువ పన్నెండు ఎడ్లు. ఓడినవాడికి రకరకాల పనులు తెలిసిన ఒక స్త్రీ, ఆమె విలువ నాలుగు ఎడ్లు. అంటే నీళ్ళు కాచుకునే పాత్రలో మూడో వంతు! కుస్తీలో ఇద్దరూ సమానంగా నిలిస్తే అకిలీస్ లేచి, బహుమానాలు సమంగా పంచుకోండి అంటాడు. పాత్రనీ మనిషినీ సమంగా ఎలా పంచుకున్నారో కవి చెప్పలేదు. ఆమె పేరూ చెప్పలేదు.

ఇదంతా చదివి ఛీ అని పుస్తకం మూసేద్దామా? ఆగండి. బ్రిసేయిస్ నోరు విప్పేది ఇప్పుడే. పాట్రొక్లస్ శవం మీద పడి ఆమె ఏడ్చే ఏడుపు పద్నాలుగు పంక్తులు. అంత పెద్ద కావ్యంలో ఆమె వాటా అంతే. కాని ఆ పద్నాలుగు పంక్తుల్లో ఆమె కథంతా ఉంది. కట్టుకున్నవాడు తన ఊరి ముందే నరకబడటం కళ్ళారా చూసింది. ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురు అన్నదమ్ములూ అదే రోజున పోయారు. చంపిన అకిలీస్‌తోనే నీకు పెళ్ళి చేయిస్తానని పాట్రొక్లస్ ఊరడించేవాడట. ఎప్పుడూ మెత్తగా మాట్లాడేవాడట. ఆ కాస్త మెత్తదనమూ పోయిందని ఆమె ఏడుపు. ఆ తర్వాత కవి చెప్పే చిన్న సంగతి చూడండి. చుట్టూ ఉన్న చెరపడ్డ ఆడవాళ్ళంతా పైకి పాట్రొక్లస్ కోసమే ఏడుస్తున్నా, లోపల ఎవరి కష్టం తలుచుకుని వాళ్ళు ఏడ్చారంటాడు. సొంత దుఃఖానికి ఏడవడానికి అనుమతి లేనివాళ్ళు పరాయి చావును అడ్డం పెట్టుకున్నారన్నమాట. ఈ ఒక్క సంగతి పట్టుకోగలిగినవాడికి ఆడవాళ్ళ మనసు తెలియదని ఎలా అంటాం? కథ వాళ్ళని సరుకుగా చూస్తుంది. కవి చెవి మాత్రం వాళ్ళ ఏడుపు వింటుంది. ఈ రెంటి మధ్య పేచీ చివరిదాకా తెగదు.

* * *

బానిసల సంగతి అలా ఉంచి, మర్యాదగల ఇళ్ళలోకి వెళదాం. అక్కడి ఇల్లాళ్ళకి ధర కట్టరు. వాళ్ళకి ఉన్నది ఒక ఆజ్ఞ. ఇంట్లోకి వెళ్ళి మగ్గమూ కదురూ చూసుకొమ్మనీ, దాసీల చేత పని చేయించుకొమ్మనీ, ఫలానాది మగవాళ్ళ వ్యవహారమనీ ఆ ఆజ్ఞ. ఈ రెండు కావ్యాల్లో ఇల్లాలికి ఇలా చెప్పడం మూడు చోట్ల, దాదాపు అవే మాటలతో వస్తుంది. మారేది ఆ ‘ఫలానాది’ ఒక్కటే.

మొదటిది ఇలియడ్ 6వ సర్గలో, హెక్టర్ తన భార్య ఆండ్రోమకితో అనేది. అది లోకమంతా మెచ్చుకునే ఘట్టం. కోట ద్వారం దగ్గర భార్యాభర్తల కలయిక, చంకలో పసివాడు, తండ్రి శిరస్త్రాణం మీద ఊగే జుట్టుకుచ్చు చూసి వాడు బెదిరి ఏడవడం, తల్లి కన్నీళ్ళలోంచే నవ్వడం. ఆమె తండ్రినీ ఏడుగురు అన్నదమ్ములనీ ఇదే అకిలీస్ చంపేశాడు. ఇక నాకు తండ్రివీ తల్లివీ తోబుట్టువువీ నువ్వేనని ఆమె భర్తతో అంటుంది. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. ఆ వెంటనే ఆమె చెప్పేది ఎవరికీ గుర్తుండదు. అంజూరపు చెట్టు దగ్గర కోటగోడ ఎక్కడానికి వీలుగా ఉంది, శత్రువులు ఇప్పటికే మూడుసార్లు అక్కడ ప్రయత్నించారు, సైన్యాన్ని అక్కడ నిలబెట్టు అని సలహా ఇస్తుంది. ఏడుస్తున్న ఇల్లాలు కోట బలహీనత ఎక్కడుందో లెక్కతో సహా చెప్పింది! హెక్టర్ దానికి జవాబివ్వలేదు. పరువు గురించి మాట్లాడి, ఆమెను ఓదార్చి, మగ్గం దగ్గరికి పంపించాడు. యుద్ధం మగవాళ్ళదట.

ఇంకా తమాషా ఏమిటంటే, క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అరిస్టార్కస్ అనే మహాపండితుడు హోమర్‌ని పరిష్కరిస్తూ, ఆ సలహా ఉన్న ఏడు పంక్తులూ అసలు కవివి కావేమోనని గుర్తు పెట్టాడు. కారణం? ఆండ్రోమకి భర్తకి పోటీగా సేనాపతిత్వం వెలగబెడుతోంది, అవి ఆమె నోట తగిన మాటలు కావట! భర్త వినలేదు సరే, కొన్ని వందల ఏళ్ళ తర్వాత వచ్చిన పండితుడు కూడా ఆమె మాట కొట్టెయ్యబోయాడు. అదృష్టం, ఆ పంక్తులు మన దాకా మిగిలాయి.

రెండోది ఒడిస్సీ మొదటి సర్గలోనే. ఓడిసియస్ ఇల్లు వదిలి 20 ఏళ్ళవుతోంది. ఇంట్లో గాయకుడు ట్రాయ్ నుంచి వీరులు తిరిగి వచ్చిన కష్టాల పాట పాడుతుంటే, పెనెలొపి మేడ దిగి వచ్చి, ఆ పాట వద్దు, నా గుండె కోస్తోంది, ఇంకోటి పాడమంటుంది. అప్పుడు కొడుకు టెలిమాకస్, మొన్న మొన్న మీసాలు మొలిచినవాడు, తల్లిని లోపలికి వెళ్ళి మగ్గం చూసుకొమ్మంటాడు. మాట్లాడటం మగవాళ్ళ వ్యవహారమట. ఆమె ఆశ్చర్యపోయి మేడెక్కి, ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది. ఇంగ్లండులో ప్రాచీన సాహిత్యం బోధించిన మేరీ బియర్డ్ 2014లో ఇచ్చిన ఉపన్యాసాన్ని ఈ ఘట్టంతోనే మొదలుపెట్టారు. నలుగురిలో ఆడదాని నోరు మూయించడం పాశ్చాత్య సాహిత్యంలో ఎంత పాతదో చూడండని ఆవిడ వాదం. 2017లో అది చిన్న పుస్తకంగానూ వచ్చింది.

మూడోది 21వ సర్గలో. భర్త విల్లు ఎక్కుపెట్టి పన్నెండు గొడ్డళ్ళ మధ్యగా బాణం వేసినవాడిని పెళ్ళాడతానని పోటీ పెట్టింది పెనెలొపే. బిచ్చగాడి వేషంలో ఉన్న ఓడిసియస్‌కి కూడా ఒకసారి విల్లు ఇవ్వండని వాదించిందీ ఆవిడే. అంతలో కొడుకు అందుకుని, విల్లు మగవాళ్ళ వ్యవహారం, లోపలికి నడవమంటాడు. పోటీ ఆమెది, పెళ్ళి ఆమెది, విల్లు మాత్రం ఆమెది కాదు.

యుద్ధం, మాట, విల్లు. వరస చూశారా? పోయేకొద్దీ ఆడవాళ్ళకి నిషిద్ధమైన జాగా పెరుగుతోంది. మొదట పొలిమేర అవతలి యుద్ధం, తర్వాత సొంత ఇంటి హాల్లో మాట, చివరికి తన పెళ్ళి పందెమే. చెప్పేవాడి వయసూ తగ్గుతోంది. భర్త చెప్పినప్పుడు ప్రేమ కూడా ఉంది, కొడుకు చెప్పినప్పుడు అధికారం మాత్రమే మిగిలింది.

* * *

సరే, మగ్గం దగ్గరికి వెళ్ళమన్నారు కదా, వెళ్ళి వీళ్ళు ఏం నేశారో కూడా చూద్దాం. నాకు ఈ కావ్యాల్లో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఆండ్రోమకి చెప్పినట్టే వెళ్ళింది. 22వ సర్గలో ఆమె మేడలో కూర్చుని ఊదారంగు దుప్పటి మీద పూలు నేస్తోంది. యుద్ధం నుంచి వచ్చే భర్త స్నానానికి నీళ్ళు కాచమని దాసీలకి పురమాయించింది. అప్పటికే అతను చచ్చిపోయి ఉన్నాడు. ఆ సంగతి మనకి తెలుసు, ఆమెకి తెలియదు. కోటగోడ మీంచి ఏడుపులు వినబడతాయి. చేతిలోని నాడె నేల జారిపడుతుంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే అకిలీస్ రథం వెనక భర్త శవం దుమ్ములో ఈడ్చుకుపోతోంది. పెళ్ళినాటి తలముసుగు జారిపోతుంది. యుద్ధం నాది, నువ్వు ఇంటిపని చూసుకో అన్న మాటకి అర్థమేమిటో ఆ కాగుతున్న నీళ్ళు చెబుతాయి. యుద్ధం ఇంటిపని దాకా రాకుండా ఏ మగవాడూ ఆపలేకపోయాడు.

హెలెన్ కూడా నేస్తోంది. 3వ సర్గలో మనకి ఆమె మొదటిసారి కనబడేదే మగ్గం ముందు. తన కోసం రెండు సేనలు పడుతున్న పాట్లనే ఆమె బట్టలో బొమ్మలుగా నేస్తోంది. అంటే హోమర్ చేస్తున్న పనే చేస్తోంది! కవి తన కావ్యానికే అచ్చును ఇక్కడ చూపించాడని ప్రాచీన వ్యాఖ్యాతే ఒకడు రాసి పెట్టాడు. లోకం అందగత్తె అని చూస్తున్న మనిషిలో కవి తనలాంటి కళాకారిణిని చూశాడు.

ఆమెను తిట్టేవాళ్ళు గమనించవలసింది ఇంకా ఉంది. ఈ కావ్యంలో హెలెన్‌ని అందరికన్నా గట్టిగా తిట్టేది హెలెనే. తనని తాను కుక్కతో పోల్చుకుంటుంది. మామగారు ప్రియాం మాత్రం, అమ్మా, తప్పు నీది కాదు, దేవుళ్ళది అని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆమె గోడ మీంచి గ్రీకు వీరుల్ని ఒక్కొక్కరినే చూపిస్తూ, నా అన్నదమ్ములిద్దరూ ఏరీ, నా వల్ల కలిగిన అప్రతిష్ఠకి సిగ్గుపడి రాలేదేమో అనుకుంటుంది. వాళ్ళు స్వదేశంలో ఎప్పుడో మట్టిలో కలిసిపోయారని కవి మన చెవిలో చెబుతాడు. పుట్టింటి కబురు కూడా అందని దూరం అది. ప్రేమదేవత ఆఫ్రొడైటీ వచ్చి పారిస్ పడకగదికి పొమ్మంటే, అంత ఇష్టమైతే నువ్వే వెళ్ళి అతని పక్కన కూర్చో అని ఎదురు తిరుగుతుంది. దేవత కళ్ళెర్ర చేసి బెదిరిస్తే భయపడి, తలవంచుకుని వెళుతుంది. ఈ సన్నివేశం చదివాక కూడా ఆమె సరదా పడి లేచిపోయిన మనిషి అని అంత తేలిగ్గా అనగలమా? మొదట వచ్చినప్పుడు ఆమెకి ఇష్టం ఉందో లేదో కవి తేల్చడు. ఇప్పుడు లేదన్నది మాత్రం స్పష్టం.

ఇలియడ్ చివర హెక్టర్ శవం మీద ముగ్గురు స్త్రీలు ఏడుస్తారు. భార్య, తల్లి హెకుబా, ఆఖరున హెలెన్. ఆఖరి శోకం తల్లికి కాక, ఈ పరాయిదానికి ఎందుకు ఇచ్చినట్టు? ఆమె ఏమంటుందంటే, ఈ ఇంట్లో ఎవరైనా నన్ను సూటిపోటి మాటలంటే వాళ్ళని మందలించేవాడు హెక్టరేనని. అతనెంత వీరుడో చెప్పడానికి వందల శవాలు చాల్లేదు కవికి. ఇంటికి వచ్చిన పరాయి ఆడదాన్ని మాటపడనివ్వలేదన్న సాక్ష్యం కావలసి వచ్చింది. ఉమ్మడి ఇళ్ళలో కాపరం చేసినవాళ్ళకి ఆ సాక్ష్యం విలువ వేరే చెప్పక్కర్లేదు.

మూడో మగ్గం పెనెలొపిది. మామగారు లయర్టీజ్ శవం మీద కప్పడానికి బట్ట నేస్తున్నాను, అది పూర్తయితే మీలో ఒకరిని పెళ్ళాడతానని చెప్పి, పగలు నేసింది రాత్రి విప్పేస్తూ మూడేళ్ళు 108 మంది పెళ్ళికొడుకుల్ని ఆపింది. ఏ మగ్గం దగ్గరికి పో అని తరిమారో, ఆ మగ్గాన్నే ఆయుధం చేసుకుంది. పెద్దవాళ్ళ మీద భక్తిని వాళ్ళెవరూ కాదనలేరని ఆమెకి తెలుసు. అందుకే మామగారిని అడ్డం పెట్టింది. ఇంటి మర్యాద లోపల ఉండే ఇంటి కోట కట్టింది.

* * *

అయితే పెనెలొపిని ఒట్టి పతివ్రతగా చేసి పీట మీద కూర్చోబెట్టడం ఆమెకి అన్యాయం. ఆమె గొప్పతనం ఎదురు చూడటంలో కన్నా అనుమానించడంలో ఉంది. భర్త వచ్చాడు, శత్రువులందరినీ చంపాడు. ఇంటిల్లిపాదీ ఆనందిస్తుంటే ఆమె మాత్రం ఎదురుగా కూర్చుని చూస్తూ ఊరుకుంటుంది. నీది రాతిగుండె అని కొడుకు దెప్పిపొడుస్తాడు. ఆమె లెక్కచెయ్యదు. పడకగదిలోంచి ఆయన మంచం బయటికి తెచ్చి వెయ్యమని దాసికి చెబుతుంది, మామూలుగా. ఓడిసియస్ భగ్గుమంటాడు. ఆ మంచం కోడు భూమిలో వేళ్ళున్న ఆలివ్ చెట్టు మొదలు, తను స్వయంగా చెక్కింది, దాన్ని కదిపిందెవరని! ఆ కోపమే ఆమెకి కావలసిన రుజువు. లోకంలోకెల్లా మాయలమారి అని పేరుపడ్డ మగవాణ్ణి ఒక్క మాటతో బోల్తా కొట్టించింది. అతని సాటి మనిషి ఆమె ఒక్కతే అని కవి అలా నిరూపించాడు.

శీలపరీక్ష ఇద్దరికీ సమానమా అంటే, కాదనే చెప్పాలి. ఆయన సిర్సీ దగ్గర ఏడాది, కాలిప్సో దగ్గర ఏడేళ్ళు గడిపి వచ్చాడు. కాలిప్సో దగ్గర రోజూ ఒడ్డున కూర్చుని ఇంటి కోసం ఏడ్చాడన్నమాట నిజమే. ఆమె 20 ఏళ్ళలో ఒక్కసారి నవ్వుతూ మాట్లాడి ఉంటే ఈ కావ్యం ఏమయ్యేది? ఈ ప్రశ్న కవికి తట్టలేదనుకోకండి. దాన్ని కాలిప్సో నోట వేరే రూపంలో అడిగించాడు. మగదేవుళ్ళు ఎవరితో పోయినా ఫరవాలేదు, ఆడదేవత ఒక మానవుణ్ణి ఇష్టపడితే మాత్రం మీకు కళ్ళమంట అని ఆమె దేవదూత ముఖం మీదే అనేస్తుంది. ఆ మాట అనడానికి మానవ స్త్రీకి చోటు లేదు గనక దేవత చేత అనిపించాడేమో!

8వ సర్గలో ఇంకో విచిత్రం. పరాయి రాజు కొలువులో గాయకుడు ట్రాయ్ పతనం పాట పాడుతుంటే ఓడిసియస్ వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఎలా ఏడ్చాడయ్యా అంటే, ఊరి కోసం పోరాడి పడిపోయిన భర్త మీద పడి ఏడుస్తుంటే, వెనకనుంచి శత్రువులు ఈటెలతో పొడుస్తూ బానిసత్వానికి తోలుకుపోయే స్త్రీలా ఏడ్చాడట. ఆ ఈటెలు పట్టుకున్నది ఎవరు? ట్రాయ్‌లో ఓడిసియసే కదా! చంపినవాడి కన్నీళ్ళకి పోలిక వెతకబోయి కవి చెరపడ్డ ఆండ్రోమకి లాంటివాళ్ళ కన్నీళ్ళు తెచ్చి పెట్టాడు. గెలిచినవాడి చేత ఓడిన ఆడదాని ఏడుపు ఏడిపించిన కవి మగవాళ్ళ గొప్పలు మాత్రమే పాడాడంటే నేను ఒప్పుకోను.

* * *

ఇక్కడితో ఆపేస్తే బావుండేది. కాని ఒడిస్సీలో 22వ సర్గ ఒకటి ఉంది.

పెళ్ళికొడుకుల్ని చంపాక ఓడిసియస్ ముసలి దాది యూరిక్లీయాని పిలిచి, ఇంట్లో ఆడవాళ్ళలో ఎవరు ద్రోహం చేశారో చెప్పమంటాడు. ఆమె కూడా ఒకప్పుడు ఇరవై ఎడ్ల విలువకి కొనబడ్డ దాసే. మొత్తం యాభై మంది, అందులో పన్నెండుమంది సిగ్గుమాలినవాళ్ళు అని చెబుతుంది. ఆ పన్నెండుమంది చేతా శవాలు మోయించి, బల్లలు కడిగించి, ఆ తర్వాత పెరట్లోకి తోలి, టెలిమాకస్ ఓడ తాటికి వరసగా ఉరి తీస్తాడు. తండ్రి కత్తితో చంపమన్నాడు. నన్నూ నా తల్లినీ అవమానించినవాళ్ళకి అంత శుభ్రమైన చావు ఎందుకన్నాడు కొడుకు. వలలో పడ్డ పావురాల్లా వేలాడారు, కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయి, ఎంతోసేపు కాదు అని కవి ఆ ఘట్టం ముగించేస్తాడు.

వాళ్ళ నేరమేమిటి? పెళ్ళికొడుకులతో పడుకున్నారు. నవ్వుతూ వెళ్ళారని 20వ సర్గలో కవి చెప్పిన మాట నిజమే. పెనెలొపి బట్ట విప్పుతున్న రహస్యం బయటపెట్టింది దాసీలేనన్నదీ నిజమే. కాని ఓడిసియస్ బాణం ఎక్కుపెట్టి శత్రువుల మీద మోపిన నేరాల్లో ఒకటి, నా దాసీలని బలవంతంగా చెరిచారు అని! బలవంతం అయితే వాళ్ళది తప్పెలా అవుతుంది? ఒకే సర్గలో మగవాళ్ళకి శిక్ష వెయ్యడానికి అది బలాత్కారమయింది, ఆడవాళ్ళకి శిక్ష వెయ్యడానికి ద్రోహమయింది. కవి ఈ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. లేక, చూసుకుని మనకి వదిలేశాడో.

అనువాదకులు ఇంకా కఠినంగా ఉన్నారు. మూలంలో ‘ఆ ఆడవాళ్ళు’ అన్నంత మాత్రమే ఉన్నచోట కొందరు ఇంగ్లీషు అనువాదకులు నోరు చేసుకుని తిట్టుమాట చేర్చారు. 2017లో ఒడిస్సీ మొత్తాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేయించిన తొలి మహిళ ఎమిలీ విల్సన్ ఆ తిట్లు తీసేసి, బానిసల్ని బానిసలనే అన్నారు. స్త్రీలు హోమర్ జోలికి వెళ్ళడం అప్పుడే మొదలయిందనుకోకండి. ఫ్రాన్సులో ఆన్ దసియే అనే ఆవిడ 1711లోనే ఇలియడ్‌నీ, 1716లో ఒడిస్సీనీ అనువదించారు. కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 2005లో ఆ ఉరిపడ్డ పన్నెండుమందికీ గొంతులిచ్చి ఒక చిన్న నవల రాశారు. బ్రిసేయిస్ నోట ఇలియడ్ కథ చెప్పిస్తూ పాట్ బార్కర్ 2018లో ఇంకొకటి రాశారు. ఇలా తిరగరాయడం కవిని అవమానించడమే అనే పెద్దలున్నారు. నాకలా తోచదు. పద్నాలుగు పంక్తులు ఇచ్చి ఊరించింది ఆయనే కదా, మిగతావి అడిగే హక్కు మనకి వచ్చింది.

మరి పెనెలొపి? ఆ మారణకాండ జరుగుతుంటే ఆమె మేడమీద నిద్రపోతోంది. దేవత ఎథీనా నిద్రపుచ్చింది. లేచాక భర్తను పరీక్షించింది, ఏడ్చింది, కౌగిలించుకుంది. పన్నెండుమంది గురించి ఒక్క మాట అడగదు. వీళ్ళలాంటి దాసీలలోనే మెలాంతో అనే పిల్లని ఆమె కూతురిలా బొమ్మలిచ్చి పెంచింది. అంతకు ముందు 19వ సర్గలో, పెంచుకున్న ఇరవై బాతుల్ని డేగ చంపేసినట్టు కల వచ్చి కలలోనే ఏడ్చిన మనిషి ఆమె. మన మధ్యతరగతి ఇల్లాళ్ళకి పెనెలొపిలో మన ముఖం తేలిగ్గా కనిపిస్తుంది. మాటకి చోటు లేకపోవడం, కొడుకు చేత చెప్పించుకోవడం, తెలివితో సంసారం గట్టెక్కించడం, అన్నీ మనకి తెలిసినవే. కాని ఆ మేడమెట్ల కింద ఇంకో ఆడదాని బతుకు ఉందనీ, దాని విషయంలో మనం కూడా హాయిగా నిద్రపోగలమనీ ఆ కావ్యం చెప్పీ చెప్పకుండా చెబుతోంది.

కవికి ఆ కింది బతుకు కనబడలేదా అంటే, కనబడింది. 20వ సర్గలో, తెల్లవారుతుండగా, పన్నెండుమంది ఆడవాళ్ళు తిరగళ్ళ దగ్గర పిండి విసురుతారు. (ఉరిపడ్డవాళ్ళూ పన్నెండుమందే. కవి ఈ రెండు లెక్కలకీ ముడి పెట్టలేదు.) పదకొండుమంది తమ వంతు ముగించి పడుకున్నారు. అందరికన్నా బలహీనమైన ఒకామె మాత్రం ఇంకా విసురుతూనే ఉంది. మబ్బులేని ఆకాశంలో ఉరిమితే ఆమె తిరగలి ఆపి, దేవుడా, నా మోకాళ్ళు విరిగేలా వీళ్ళకి పిండి విసిరాను, ఇదే వీళ్ళ ఆఖరి భోజనం కానీ అని మొక్కుకుంటుంది. ఆ మొక్కు శుభశకునంగా విని ఓడిసియస్ సంతోషిస్తాడు. సాయంత్రానికి అది ఫలించింది కూడా.

ఆ వీరుడికి కావలసిన శకునం దొరికింది, ఆమె పని అయిపోయింది, కవి మళ్ళీ ఆమె జోలికి పోలేదు. పేరు కూడా పెట్టలేదు. ఒడిస్సీ చదివిన ప్రతిసారీ నాకు ఒక సందేహం మిగిలిపోతుంది. రాజుగారు వచ్చేశారు, రాణిగారి ఎదురుచూపు ఫలించింది, ఇల్లు చక్కబడింది. పనిచేసే చేతులు మాత్రం పన్నెండు జతలు తగ్గిపోయాయి. మర్నాడు పొద్దున ఆ ఇంట్లో అందరికీ పిండి విసిరిందెవరు?